బొచ్చేనుగు కాలి దగ్గర ఒక అక్షరం

తాను పోసిన నేల మీద డబ్బిచ్చి అడుగు పెట్టనని వెర్లిన్ స్టకీ ఒట్టు పెట్టుకుని ముప్పయ్యొక్క ఏళ్లయింది.

అప్పుడతనికి ఇరవయ్యొక్కటి. తొమ్మిదో క్లాసులో బడి మానేసి కాంక్రీటు పనిలో చేరినవాడు. విచిటాలో పెద్ద ప్రెయిరీ మ్యూజియం కడుతుంటే వేసవంతా అక్కడే పని. నడిమి హాలు నేల అతనిదే. మోకాళ్ల కింద చెక్కలు పెట్టుకుని, తాపీతో అద్దంలా నునుపు చేసుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ చివరి మూలకొచ్చాడు. మేస్త్రీ కాఫీకి వెళ్లాడు. వెర్లిన్ అటూ ఇటూ చూసి, తడి నేల మీద అరచెయ్యి అద్ది, దాని పక్కనే మేకుతో ఒక అక్షరం గీశాడు. ఎన్. నాడీన్ పేరులో మొదటి అక్షరం. అప్పటికి నాడీన్‌తో పరిచయం మూడు వారాలే.

మ్యూజియం తెరిచిన నెలలో పని బూట్లతోనే చూద్దామని వెళ్తే, గుమ్మం దగ్గర మనిషి టికెట్టు అడిగాడు.

"నేను పోసిన నేలకి నేనే టికెట్టు కొనాలా?" అన్నాడు వెర్లిన్.

"కొనాలండి," అన్నాడా మనిషి.

వెర్లిన్ అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఆ మూలలోనే మంచుయుగంనాటి బొచ్చేనుగు ఎముకల గూడు నిలబెట్టారని, దాని వెనక కాలు సరిగ్గా తన చేతి గుర్తు పక్కనే ఉండాలని అతని అంచనా. తన ఊరు బెథెల్ క్రీక్ నుంచి వెళ్లొచ్చిన వాళ్లని అడిగితే అందరూ ఏనుగు దంతాల గురించే చెప్పారు. కాళ్ల దగ్గర నేల ఎవరు చూస్తారు?

ఇందులో ఇంకో చిక్కుంది. నాడీన్ కంటే ముందు వెర్లిన్ జోనా పెక్హమ్ అనే అమ్మాయితో తిరిగాడు. పేరుని జెడ్‌తో రాసుకునే, పక్క ఊరి బ్యాండులో మనిషంత బాకా ఊదే పిల్ల. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచీ, ఏ చిన్న మాట తేడా వచ్చినా నాడీన్ ఒకటే అస్త్రం తీసేది.

"పోవయ్యా, విచిటా పోయి నీ జోనా పేరు తుడుచుకుంటూ కూర్చో."

"జోనా కాదే బాబూ, ఎన్ రాశాను! ఎన్!"

"చూశానా నేను?"

"పోయి చూసుకో. బడివాళ్లు ఏటేటా తీసుకెళ్తున్నారుగా."

నాడీన్ బడి వంటింట్లో వండుతుంది. ప్రతి ఏడూ పిల్లల బస్సులో ఆమెకీ ఒక సీటుండేది. ఎప్పుడూ ఎక్కలేదు. "నువ్వు పక్కన లేకుండా చూడను. అది చూసేటప్పుడు నీ మొహం కూడా చూడాలి నాకు," అనేది. నవ్వుతూనే అనేది. కానీ ముప్పయ్యేళ్లపాటు ఒకే మాట నవ్వుతూ అంటే, అందులో ఎక్కడో చిన్న ముల్లు ఉన్నట్టేనని వెర్లిన్‌కి తెలుసు. ఆ ముల్లు తీసేయాలని అతని కోరిక. ఒట్టు మాత్రం అడ్డం.

ఆ ఏడు ఏప్రిల్‌లో హుల్డా మామ్మ పిలిచింది.

బెథెల్ క్రీక్‌లో పాత వెన్న ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో మీగడ మరల మ్యూజియం. పాలు పోసి పిడి తిప్పితే మీగడ ఒక గొట్టంలోంచి, పాలు ఒక గొట్టంలోంచి వచ్చే చేతిమరలు నలభై ఒకటి వరసగా నిలబెట్టి ఉంటాయి. హుల్డా రీగర్‌కి డెబ్బయ్ తొమ్మిదేళ్లు. ఆ మ్యూజియానికి అధ్యక్షురాలూ, గుమాస్తా, చీపురు పట్టేదీ ఆమే. ముందు మెట్లు విరిగిపోతే వెర్లిన్ ఒక పూట కూర్చుని కొత్తగా పోసిచ్చాడు. ఆమె అతని చేతిలో ఒక అట్టముక్క పెట్టింది.

"ఏంటి మామ్మా ఇది?"

"సభ్యత్వం రా. కుటుంబానికంతా. ఏడాది పొడుగునా ఎప్పుడంటే అప్పుడు రావచ్చు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

"ఇక్కడికి రావడానికి ఇప్పుడు మాత్రం ఎవరాపుతున్నారు? నీ తలుపుకి గడియే లేదు కదా!"

"గడియ లేకపోతే మర్యాద కూడా ఉండకూడదా? జేబులో పెట్టుకో. ఇంటికెళ్లి వెనకవైపు చదువు."

వెర్లిన్ చదవలేదు. ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పడేసి, బూట్లు విప్పి మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. భోజనాల దగ్గర ఆ కార్డు చేతిలోకి తీసుకుంది అతని మరదలు లవోన్. నాడీన్ చెల్లెలు, తపాలా ఆఫీసులో పని. చేతికొచ్చిన కాగితం ఏదైనా చదవకుండా వదలదు. కార్డు మూల బంగారు రంగు సూర్యుడి బొమ్మ అంటించి ఉంది.

"బావా," అంది నెమ్మదిగా. "ఈ సూర్యుడి గుర్తున్న కార్డు చూపిస్తే దేశమంతా తొమ్మిది వందల పైచిలుకు మ్యూజియంలలో టికెట్టు లేకుండా పోవచ్చంట. ఒకళ్ల సభ్యుల్ని ఇంకొకళ్లు రానిస్తారంట. ఇంట్లో ఇద్దరు, వెంట ఇంకొకళ్లు."

"ఎందుకు రానిస్తారు?" అన్నాడు వెర్లిన్.

"వాళ్ల సభ్యులొస్తే హుల్డా మామ్మ కూడా ఊరికే రానివ్వాలిగా."

"ఎవరొస్తారే మీగడ మరలు చూడ్డానికి?"

"అదే కదా మన అదృష్టం!" లవోన్ తన ఫోనులో జాబితా తెరిచి కిందికి కిందికి జరిపింది. జరిపి జరిపి ఒక్కసారిగా కెవ్వుమంది. "విచిటా! పెద్ద ప్రెయిరీ మ్యూజియం! ఇందులో ఉంది బావా!"

వెర్లిన్ చేతిలోని ఫోర్కు పళ్లెంలో పడింది. జున్ను కుడుముల మీద పోసిన గ్రేవీ అతని చొక్కా మీదికి చిందింది.

"డబ్బివ్వక్కర్లేదు నువ్వు! ఒట్టు ఒట్టులాగే ఉంటుంది, నువ్వు లోపలుంటావు!"

నాడీన్ గ్రేవీ గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టి, "కింద సన్నగా ఏదో రాసుంది, అది కూడా చదువు," అంది.

లవోన్ చదివింది. "కార్డిచ్చిన మ్యూజియానికి తొంభై మైళ్ల లోపు ఉన్నచోట ఈ కార్డు చెల్లదు."

వెర్లిన్ పెద్దగా నవ్వాడు. "విచిటా ఎంత? అరవై నాలుగు దక్షిణం, యాభై ఆరు తూర్పు. నూట ఇరవై. ఇంకా ముప్పై మిగుల్తుంది మనకి!"

ముగ్గురూ తలూపారు. కాన్సాస్‌లో వాళ్ల వైపు ఎవరైనా అంతే లెక్కేస్తారు. రోడ్లన్నీ గళ్ల దుప్పటిలా మైలుకొకటి చొప్పున నిలువూ అడ్డంగా ఉంటాయి. పెళ్లి శుభలేఖ మీద కూడా "చర్చికి ఆరు ఉత్తరం, మూడు పడమర" అని అచ్చేస్తారు. ఏటవాలుగా పోయే రోడ్డంటూ ఒకటుంటుందని వెర్లిన్‌కి ఎప్పుడూ తట్టలేదు.

"ముందు వేరేచోట వాడి చూద్దాం," అంది నాడీన్. "ఇది ఉత్తుత్తిదైతే మనల్ని ఎరగని ఊళ్లో పరువు పోవాలి గానీ, విచిటాలో కాదు."

అలా మొదలైంది తిరుగుడు. నెబ్రాస్కాలో గడియారాల మ్యూజియంకి పోయారు. బల్ల దగ్గర ముసలాయన కార్డు చూసి లేచి నిలబడి, "మీగడ మరలా! రండి స్టకీగారూ, రండి!" అని చెయ్యి కలిపాడు. వెర్లిన్ తన వెనక ఇంకో స్టకీగారు ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ముప్పయ్యైదేళ్లుగా అతను పెద్ద పెద్ద భవనాల్లోకి వెళ్తూనే ఉన్నాడు. కాకపోతే ఎప్పుడూ వెనక గుమ్మంలోంచి, చక్రాల బండి తోసుకుంటూ.

ఆ పై వారం ఒక్లహోమాలో జీనుల మ్యూజియం. ఆ పై వారం మిజోరీలో రెండు, ఒకే రోజు. ఒకటి బొమ్మలది, ఒకటి పడవలది. దారిలో తినడానికి నాడీన్ మాంసం బన్నులు డబ్బా నిండా కట్టేది. లవోన్ వెనక సీట్లో కూర్చుని, "ఇంకెక్కడ ఊరికే రానిస్తారు బావా?" అని జాబితా చదువుతుండేది. సూర్యుడి బొమ్మ చూపించగానే గుమ్మాలు తెరుచుకుంటుంటే ముగ్గురికీ పట్టపగలే మత్తెక్కినట్టుండేది.

వెర్లిన్ మాత్రం గడియారాలూ చూడలేదు, పడవలూ చూడలేదు. నేల చూశాడు.

"ఇదిగో, ఇక్కడ నీళ్లెక్కువ పోశాడు. పొడి లేస్తోంది చూడు."

"వెర్లిన్, ఇది రెండొందల ఏళ్లనాటి పడవ. తలెత్తి చూడవయ్యా."

"పడవ బాగానే ఉంది. ఈ పగులు మాత్రం నా కళ్లముందు వచ్చుంటే ఆ మేస్త్రీని..."

"కూర్చునే బల్లలు బాగున్నాయిలే," అంది లవోన్. "బావ నడుము వాల్చడానికి ఇవాళ్టి బల్లకి పదికి తొమ్మిది మార్కులు."

జూన్ మొదటి శనివారం, ఇక ఆగడం అనవసరమని, ముగ్గురూ చర్చి బట్టలు వేసుకుని విచిటాకి బయల్దేరారు. పికప్ ట్రక్కు బయట కడిగి, లోపల తుడిచారు. నాడీన్ లిప్‌స్టిక్ వేసుకుంది. అరవై నాలుగు దక్షిణం, యాభై ఆరు తూర్పు. దారంతా వెర్లిన్ ఈలేస్తూనే ఉన్నాడు.

టికెట్ల బల్ల దగ్గర ఒకమ్మాయి. చొక్కాకి బ్రిట్టా అని పేరు బిళ్ల. కార్డు చూసి నవ్వి, కంప్యూటరులో ఏదో కొట్టి, నవ్వు కాస్త తగ్గించింది.

"సారీ సార్. మీ మ్యూజియం మాకు మరీ దగ్గరండి. ఎనభై అయిదు మైళ్లే చూపిస్తోంది."

"ఎనభై అయిదా?" వెర్లిన్ నవ్వాడు. "అమ్మాయ్, నేనిప్పుడే నడుపుకుంటూ వచ్చాను. నూట ఇరవై. కావాలంటే బండిలో మీటరు చూసుకో."

"రోడ్డు మీద కాదు సార్. సూటిగా గీత గీస్తే."

"ఎక్కడ గీస్తే?"

"మ్యాపు మీద. మీ గుమ్మం నుంచి మా గుమ్మానికి, ఏటవాలుగా."

"అటు రోడ్డు లేదమ్మా! అటంతా షూమేకర్ వాళ్ల గోధుమ చేలూ, రెండు వాగులూ, మా పెద్దమ్మ వాళ్ల పందుల దొడ్డీ ఉన్నాయి. పందుల దొడ్డిలోంచి నడుపుకుంటూ రమ్మంటావా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బ్రిట్టా కూడా నవ్వాపుకుంటోంది. పాపం ఆ పిల్ల తప్పేముంది.

"టికెట్టు తీసుకోండి సార్, మీకు పెద్దవాళ్ల తగ్గింపు ఇవ్వగలనేమో చూస్తాను."

ఆ మాటతో వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. నాడీన్ తన చేతిసంచీ జిప్పు సగం లాగింది. "నేనిస్తాను. ఒట్టు నీది, నాది కాదుగా."

ఇరవై అడుగుల దూరంలో, అద్దాల తలుపు అవతల, బొచ్చేనుగు దంతాలు వంపు తిరిగి కనిపిస్తున్నాయి. వెర్లిన్ వాటిని చూశాడు. నాడీన్ చేతినీ చూశాడు.

"నా పెళ్లాం డబ్బు కూడా నా డబ్బే," అన్నాడు. "పదండి."

తిరుగు దారిలో ముప్పై మైళ్లు ఉత్తరం వచ్చాక నాడీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మొత్తానికి జోనా బతికిపోయింది," అంది. లవోన్ పక్కున నవ్వింది. వెర్లిన్ స్టీరింగు మీద గుద్దాడు. హారన్ మోగి చేలోని ఆవులన్నీ తలెత్తి చూశాయి.

ఇంటికొచ్చి అతను గోడ మీది మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. లవోన్ దారప్పోగు పట్టుకుంది. బెథెల్ క్రీక్ మీద ఒక కొస, విచిటా మీద ఒక కొస. మ్యాపు కింద ఉన్న మైళ్ల కొలబద్దతో చూస్తే ఎనభై అయిదు. దారం సూటిగా పందుల దొడ్డి మీదుగా పోయింది. యాభై రెండేళ్లు బతికి, తన ఊరికీ విచిటాకీ మధ్య ఇంత దగ్గరి దారి గాల్లో ఉందని వెర్లిన్‌కి ఆ రోజే తెలిసింది.

"అయిదు మైళ్లు," అన్నాడు. "అయిదంటే అయిదు మైళ్లు తక్కువ! ఆ మీగడ మరలు కాస్త అవతల ఉంటే ఏం పోయేది?"

ఆ మాట అని, దారం అలాగే పట్టుకుని, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"వద్దు," అంది నాడీన్ అతని మొహం చూసి. "వెర్లిన్, వద్దు."

"మామ్మ మ్యూజియం పైకప్పు కారుతోందిగా. ఎక్కడికైనా మార్చాలి అంటోందిగా ఎప్పట్నుంచో."

"వెర్లిన్!"

"డెల్బర్ట్ ఉన్రూ తన ట్రాక్టర్ల షెడ్డు ఇస్తానన్నాడుగా. ఎంత దూరం అది? ఆరు ఉత్తరం, మూడు పడమర!"

లవోన్ అప్పటికే దారం కొస జరిపేసింది. జరిపి, కొలబద్ద పెట్టి, పైకెగిరి చప్పట్లు కొట్టింది. "తొంభై ఒకటిన్నర! బావా, తొంభై ఒకటిన్నర!"

నాడీన్ కుర్చీలో కూలబడింది. "మూడు టికెట్లు కొనడానికి మనసొప్పక మ్యూజియాన్నే మార్చేస్తాడంట మనిషి," అని మొదలుపెట్టి, నవ్వాపుకోలేక, ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీతో సహా ఊగిపోయింది.

మర్నాడు చర్చి అయ్యాక వెర్లిన్ హుల్డా మామ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె మీగడ మరల మధ్య బకెట్లు పెట్టుకుని కూర్చునుంది. రాత్రి వాన పడింది.

"మామ్మా, డెల్బర్ట్ షెడ్డు సంగతి ఏమైంది?"

"ఏమవుతుంది? కింద మట్టి. జనం తిరిగే చోటు కాంక్రీటు ఉండాలి అంటున్నారు జిల్లావాళ్లు. నిన్ను అడిగితే పోయినేడు ఏమన్నావు? సిమెంటు చెట్లకి కాయదు మామ్మా అన్నావు."

"ఇప్పుడు కాస్తుంది."

ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది. "ఏరా, ఏమైంది నీకు? దేవుడు కనపడ్డాడా?"

"బొచ్చేనుగు కనపడింది," అని జరిగిందంతా చెప్పాడు.

మామ్మ విన్నంతసేపూ మొహం బిగించుకుని వింది. చివర్లో, "ఆ అక్షరం నిజంగా ఎన్నేనట్రా?" అంది.

"నువ్వు కూడానా మామ్మా!"

"జోనా మంచి పిల్లరా. బాకా బాగా ఊదేది," అని లేచి, బకెట్టు పారబోయడానికి వెళ్లింది. "సరే. నేల పోయి. చిరునామా మార్పు కాగితం నేను పంపుతాను."

సిమెంటు నిజంగానే కాసింది. కాంక్రీటు కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీల్లో ప్రతి పని దగ్గరా అడుగున కాస్తో కూస్తో మాలు మిగుల్తుంది. దాన్ని ఎక్కడ పారబోయాలా అని డ్రైవర్లు తల పట్టుకుంటారు. వెర్లిన్ వాళ్లందరికీ డెల్బర్ట్ షెడ్డు దారి చెప్పాడు. ఆ వేసవంతా పని దిగాక సాయంత్రం ఎండలో, రోజుకొక గడి చొప్పున చెక్కలు బిగించి, వచ్చినంత మాలు పోసుకుంటూ పోయాడు. ఒక రోజు మంచం అంత, ఒక రోజు బల్లంత. ఎనభై నాలుగు గళ్లు. ఒక గడి బూడిద రంగు, ఒక గడి తెలుపు, ఏదో ఈత కొలనుకి కలిపిన మాలు వచ్చిన రోజు ఒక గడి నీలం. డ్రైవర్లు దిగి, "ఏంటన్నా ఇది, దుప్పటి కుడుతున్నావా?" అని ఎగతాళి చేస్తూనే పార అందుకునేవాళ్లు.

మోకాళ్లు ఏడ్చాయి. నడుము ఏడ్చింది. నాడీన్ చల్లటి టీ తెచ్చి, షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తుండేది. ఒక సాయంత్రం అతను తాపీ చివరిసారి లాగి, వెనక్కి కూర్చుని, రొప్పుతూ ఆమె వైపు చూశాడు.

"ఈ గడి మీద ఏదైనా రాయనా? నీ కళ్లముందే?"

"వద్దు," అంది. "మొదటిది చూశాకే రెండోది."

సెప్టెంబరులో నలభై ఒక్క మీగడ మరలు ఊరేగింపుగా వెళ్లాయి. ఇరవై పికప్‌లు, రెండు గడ్డి ట్రెయిలర్లు. అన్నిటికంటే పెద్ద మరని లవోన్ తన ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుంది. ముందు బండిలో హుల్డా మామ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూర్చుంది, రోడ్డు పక్కన ఆవులు తప్ప ఎవరూ లేకపోయినా. ఆరు ఉత్తరం, మూడు పడమర. నాడీన్ పెద్ద డేగిశాలో చిక్కుడు గింజలూ మాంసమూ వేసిన చిల్లీ కూర వండి, దాంతోపాటు దాల్చినచెక్క రోల్సు రెండు వందలు కాల్చింది. బడిలో చేసినట్టే, ఒకదాన్ని ఒకదాంట్లో ముంచుకుని తినమని. గళ్ల నేల మీద జనం నిలబడి తింటుంటే, మామ్మ నీలం గడి మీద తన అధ్యక్ష కుర్చీ వేయించుకుంది.

కొత్త జాబితా అక్టోబరులో వచ్చింది. లవోన్ తపాలా ఆఫీసులోనే కవరు చింపి, పని మధ్యలో ఫోన్ చేసింది. "కొత్త చిరునామా పడింది బావా! ఉన్నపళంగా స్నానం చెయ్!"

శనివారం మళ్లీ చర్చి బట్టలు. ఈసారి దారిలో ఈల లేదు. ముప్పయ్యొక్క ఏళ్లు. నేల అరిగిపోతే? పైన రంగు వేసేసుంటే? అసలు ఆ అక్షరం తను గీశాడా, లేక చెప్పీ చెప్పీ గీశాననుకుంటున్నాడా? నాడీన్ కూడా ఉంగరం తిప్పుకుంటూ కూర్చుంది.

అదే బల్ల. అదే బ్రిట్టా. కార్డు చూసి, వెర్లిన్‌ని చూసి, నోరు తెరిచింది. "పందుల దొడ్డి సార్!"

"కొట్టి చూడమ్మా," అన్నాడు.

కొట్టింది. కళ్లు చిట్లించి మళ్లీ కొట్టింది. "తొంభై ఒకటిన్నర... సార్, మీ మ్యూజియం కదిలిందా?"

"కాళ్లు నొప్పెడితే ఎవరైనా కదులుతారు," అంది లవోన్.

"కదలడమేంటి," అంది నాడీన్. "నా మొగుడే మోశాడు, తను పోసిన ఈ నేల చూడ్డానికి."

బ్రిట్టా చేతికి చుట్టుకునే మూడు కాగితం పట్టీలు చింపి, బల్ల మీద గట్టిగా ముద్రలు కొట్టింది. "పదండి స్టకీగారూ. తమ నేల మీదికి తమరు దయచేయండి." ఈసారి వరసలో వాళ్లు దాచుకోకుండా నవ్వి చప్పట్లు కొట్టారు.

వెర్లిన్ అద్దాల తలుపు దాటి, బూటు మడమతో నేలని ఒకసారి తట్టాడు. ఒక్క పగులు లేదు. గర్వంతో అతని మెడ పొడుగైంది. తర్వాత ముగ్గురూ దాదాపు పరుగెత్తారు. బొచ్చేనుగు తల పైన ఎక్కడో ఉంది. వాళ్లు తలెత్తలేదు. తాడు కట్టిన గుంజల పక్కనుంచి వెనక కాలి దగ్గరికి పోయి, ముగ్గురూ ఒకేసారి వంగారు.

చెయ్యి ఉంది. ఇరవయ్యొక్క ఏళ్ల కుర్రాడి చెయ్యి, ఇప్పటి చేతికంటే సన్నగా, అయిదు వేళ్లూ స్పష్టంగా.

"ఉంది!" అన్నాడు వెర్లిన్. "చూశావా? ఉంది!"

నాడీన్ చేతిని చూడలేదు. దాని పక్కన చూస్తోంది. పైన అడ్డగీత, కింద అడ్డగీత, మధ్యలో ఏటవాలుగా ఒకటి.

"జెడ్," అంది.

లవోన్ గబుక్కున నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి, "జోనా," అంది.

వెర్లిన్ చూశాడు. నిజమే. జెడ్. తాడు పట్టుకున్నాడు. తాడు ఊగింది. "కాదు," అన్నాడు. "కాదే. నేను... అది ఎన్. నేను ఎన్ గీశాను..."

"చదువుకోనివాణ్ణి కదా, అక్షరం మర్చిపోయానంటావా?" నాడీన్ నవ్వుతున్నట్టే ఉంది గానీ పెదవి చివర వణుకుతోంది. "ముప్పయ్యేళ్లు నిజం చెప్పానయ్యా నేను! నవ్వులాటకి అనుకుంటూ నిజం చెప్పాను!"

వెర్లిన్ ఆమె మాట వినడం లేదు. చేతి గుర్తునే చూస్తున్నాడు. అతనికి అక్షరాలు అంత బాగా రావు గానీ, నేల మీద మనిషి ఎటు కూర్చుని పని చేశాడో గుర్తు చూస్తే తెలుస్తుంది. ముప్పయ్యైదేళ్ల పని అది. వేళ్లు వాళ్లకి నిటారుగా లేవు. పక్కకి, ఉత్తరం గోడ వైపు చూస్తున్నాయి.

"నాడీన్," అన్నాడు. "అటు రా."

"ఎందుకు?"

"మనం తూర్పు నుంచి చూస్తున్నామే! నేను దక్షిణాన కూర్చుని గీశాను. చెయ్యి ఎటుందో చూడు! రా!"

ఆమె చెయ్యి పట్టుకుని తాడు చుట్టూ లాక్కుపోయాడు. లవోన్ వెనకే పరుగెత్తింది. తూర్పు వైపు నుంచి దక్షిణం వైపుకి, రోడ్ల గడి మూల మలుపు తిరిగినట్టు. వాళ్ల ఊరివాళ్లకి అలవాటైన మలుపే.

అక్కడ నిలబడి చూస్తే చేతి వేళ్లు నిటారుగా పైకి ఉన్నాయి. పక్కన రెండు నిలువు గీతలు, మధ్యలో ఏటవాలుగా ఒకటి.

"ఎన్!" అని లవోన్ అరిచిన అరుపుకి బొచ్చేనుగు ఎముకలు గలగలలాడాయేమోననిపించింది. పక్క హాలులోంచి కూడా మనుషులు తొంగి చూశారు.

నాడీన్ తల ఒకపక్కకి వంచి చూసింది. ఇంకోపక్కకి వంచి చూసింది. ఒక్క అడుగు తూర్పుకి వేసి, జెడ్ చూసి, మళ్లీ వెనక్కి వచ్చి ఎన్ చూసింది. అలా రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, నిదానంగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు పెరిగి పెరిగి, కళ్లలోంచి నీళ్లై, చివరికి వెర్లిన్ భుజం మీద మొహం పెట్టుకుని నవ్వింది.

"సరే, ఎన్నే," అంది ముక్కు తుడుచుకుంటూ. తర్వాత వేలెత్తి చూపించి, "కానీ ఎన్ అంటే నార్మా కూడా కావచ్చు," అంది.

"నార్మా ఎవరే?" అంది లవోన్.

"ఏమో. ఇంకో ముప్పయ్యేళ్లకి ఎవరో ఒకరు కావాలిగా నాకు."

వెర్లిన్ మోకాళ్లు ఇక చాలన్నాయి. అక్కడే, చేతి గుర్తుకి బెత్తెడు దూరంలో, చర్చి బట్టలతో నేల మీద కూర్చుని, అటుపైన వెల్లకిలా పడుకున్నాడు. అతని నడుముకి ఇంతకంటే మంచి బల్ల ఏ మ్యూజియంలోనూ దొరకలేదు. చల్లగా, నునుపుగా, తనది. పైన బొచ్చేనుగు పక్కటెముకలు పడవలా కనిపిస్తున్నాయి. మొదటిసారి తలెత్తి చూశాడు. బాగానే ఉంది ఏనుగు.

కాపలా మనిషి గబగబా వచ్చాడు. "సార్! సార్, ఒంట్లో బాగానే ఉందా? ఇక్కడ పడుకోకూడదండి."

వెర్లిన్ లేవలేదు. జేబులోంచి కార్డు తీసి, బంగారు సూర్యుడు కనపడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"నేను సభ్యుణ్ణండీ," అన్నాడు.